అయిదు నిమిషాలు

న్యూజిలాండు అడుగున, బ్లఫ్ రేవులో గాలికి సెలవు లేదు.
దక్షిణం నుంచి వస్తుంది, ఉప్పు చల్లుతుంది,
ఇనుము కొరికి పోతుంది.
చలికాలమంతా టార్పాలిన్ కింద ముడుచుకున్న గ్యాసు పొయ్యిని
ఇవాళ బయటికి లాగాను.
ఒక చక్రం కుంటుతోంది. ఇటుక ముక్క ఎగేశాను.
వసారా చూరు కింద కాదు,
చెక్క గోడకి ఆనించి కాదు,
పెరటి నడుమ, గాలికి వీపు పెట్టించి.

సాయంత్రానికి నలభై మంది.
మా ఎరేనాకి ఇరవై ఒకటి నిండాయి.
మేనమామ లేకుండా ఎలా? టానే వస్తాడు.
వాడూ నేనూ ఉప్పూ నిప్పూ.
ఆల్చిప్పల పడవ అమ్మిన రోజు నుంచి
రెండేళ్ళు ఎడమొహం పెడమొహం.
ధర దగ్గర చెడింది అంటారు ఊళ్ళో.
ధర కాదు.
అమ్మే ముందు వాణ్ణి అడగలేదు, అంతే.

నైరీ ఊరుకుంటుందా?
తమ్ముణ్ణి రెండు గంటలు ముందే రప్పించింది.
"గొట్టం నువ్వు చూడు, వాల్వు వాడు తిప్పుతాడు"
అని నా చేతిలో కిటికీలు తుడిచే సీసా పెట్టింది,
దాన్నిండా గిన్నెల సబ్బు నీళ్ళు.

లోకంలో మరలన్నీ కుడికి బిగుస్తాయి,
మా పాత సిలిండరుది మాత్రం ఎడమకి.
చెప్పబోయాను. వాడికి తెలుసు.

"తెరువు" అన్నాను.
రెండేళ్ళలో మొదటి మాట. ఒట్టి క్రియాపదం.
గొట్టం పొడవునా సబ్బు నీళ్ళు కొట్టాను.
పగుళ్ళు లేవు. మెడ దగ్గర మాత్రం
ఒక బుడగ, దాని పక్కన ఇంకోటి,
పసివాడి పెదవి మీద చొంగలాగా.
లోపలిది బయటపడుతోందని
ఇంత మెత్తగా చెప్పిన సాక్షిని నేను చూడలేదు.
"కట్టెయ్." కట్టేశాడు. బిగించాను.
"తెరువు." బుడగ లేదు.
(అగ్గిపుల్ల గీసి వెతికేవాళ్ళూ ఉన్నారు.
మా నాన్న అలాగే వెతికాడు.
ఆయన కనుబొమలు మళ్ళీ జతగా మొలవలేదు.)

మూత ఎత్తాకే వెలిగించాలి. ఎత్తాను.
మీట నొక్కాను. టక్. టక్. టక్.
ఎడమ బర్నరు పలకలేదు.
"ఆపు." ఈసారి వాడే అన్నాడు, నాకంటే ముందు.
"అయిదు నిమిషాలు."

ఈ గ్యాసు గాలికన్నా బరువు.
పైకి పోదు, కిందికి జారుతుంది,
కాళ్ళ చుట్టూ, గడ్డి మొదళ్ళలో
కనపడకుండా కూచుంటుంది,
ఎవడు నిప్పు రాజేస్తాడా అని.
నాలో కూచున్న కొన్ని మాటలూ అంతే.
అవి చెదిరిపోవాలంటే
పక్కన నిలబడి ఏమీ చెయ్యకుండా ఉండాలి.
అది నాకు చేతకాదు. వాడికీ చేతకాదు.
వాడు గడియారం చూశాడు. నేను రేవు చూశాను.
కంచె మీది సీగల్ మా ఇద్దర్నీ చూసింది.
మూడో నిమిషంలో అన్నాడు:
"పడవకి కొత్తవాళ్ళు నారింజ రంగు వేశారు."
"చూశాను."
"దరిద్రంగా ఉంది."
"ఉంది."

బర్నరు విప్పితే గొట్టం నోట్లో సాలెగూడు,
దూదిపింజంత. మా పొయ్యిలో
అద్దె లేని కాపురం!
వాడు సన్న బ్రష్షుతో తోడి,
సాలీణ్ణి చంపకుండా కంచె మీదికి సాగనంపాడు.
మళ్ళీ మూత, మళ్ళీ మీట. టక్.
నీలంగా అంటుకుంది, పసుపు కొస లేకుండా.
తర్వాత సాసేజ్‌లు, పొగ, పిల్లల గోల.
వాడు తిప్పాడు, నేను వడ్డించాను.
పడవ ఊసు మళ్ళీ రాలేదు.

అందరూ వెళ్ళాక
జాలీ కాల్చి, గీకి, నూనె రాశాను.
కొవ్వు తట్ట ఖాళీ చేశాను.
సిలిండరు కట్టి, గొట్టంలో మిగిలింది మండిపోయాక
మీటలు తిప్పి లోపలికొచ్చాను.

నడిరాత్రి అనుమానం. కట్టానా?
చెప్పులు వెతుక్కుని టార్చితో వెళ్తే
కట్టే ఉంది.
టార్పాలిన్ కప్పి ఉంది. నేను కప్పలేదు.
తాడుకి పడవల ముడి.
చెయ్యి దూర్చి చూశాను, ఇనుము చల్లగా ఉంది.
వేడి మీద కప్పేవాడు కాడు వాడు.
అంటే, చల్లారేదాకా
ఈ చలిలో ఇక్కడే ఎక్కడో కూచున్నాడన్నమాట.

అయిదు నిమిషాల్లో చల్లారే ఇనుము కాదది.